పండ్ల తార్‌కు పట్టిన జంగు

జగన్‌మోహన్ పూర్తి మాట మాట్లాడే మనిషి అయ్యుంటే గురులింగప్ప బతుకు ఇంకోలా ఉండేది. ఈ సంగతిని గురులింగప్ప జహీరాబాద్ బజారులో వినేవాడు దొరికితే వాడికి చెబుతాడు, దొరకకపోతే బండికి కట్టేసిన ఎద్దుకు చెబుతాడు. జగన్‌మోహన్ అతనికి సొంత బావమరిది, భార్య నాగవ్వకు తమ్ముడు. హైదరాబాద్‌లో కరెంటు ఆఫీసులో గుమాస్తా. కార్డు రాస్తే అందులో సగం ఖాళీ వదిలేస్తాడు. ఒకసారి పెళ్ళికి పిలవడానికి వచ్చి, తేదీ చెప్పి, చాయ తాగి, ఎవరి పెళ్ళో చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అలాంటివాడి చేతికి ఫోను ఇచ్చిన ప్రభుత్వాన్ని కూడా గురులింగప్ప క్షమించలేదు.

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చలికాలం. ఆ ఉదయం గురులింగప్ప అనుకున్న పని చాలా చిన్నది. పొద్దుటి బస్సుకు కోహీర్ పోవాలి. తన తోటలో బాగా పండిన జామపండ్లు ఏరి ఒక గంప నింపాలి. హైదరాబాద్ పోయే లారీలో దాన్ని దంతాల డాక్టరుకు కానుకగా పంపాలి. సాయంత్రానికి ఇల్లు చేరి పడుకోవాలి.

దంతాల డాక్టరుతో అతనికి పని పడింది కూతురు తారాబాయి వల్ల. ఆ పిల్ల పన్నెండేళ్ళది. పై వరుస పళ్ళు ముందుకు వచ్చి పెదవి మూతపడేది కాదు. "తార పీట లేకుండనే కొబ్బరి కోరుతది" అని బడిలో తోటి పిల్లలు పాట కట్టారు. పిల్ల నవ్వడం మానేసింది. తర్వాత మాట్లాడడం కూడా తగ్గించింది. గురులింగప్ప సులువుగా సంచి విప్పే మనిషి కాడు. అయినా పిల్ల చేతిని మూతికి అడ్డం పెట్టుకుని అన్నం తినడం చూసి, ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నోటికి కొలత తీసి, అంగిలికి అతుక్కునే గులాబీ రంగు బిళ్ళ ఒకటి చేసి, దానికి సన్నని ఉక్కు తీగలు అమర్చి ఇచ్చాడు. ఆ తీగలు పళ్ళను కొంచెం కొంచెంగా లోపలికి నెడతాయి. తినేటప్పుడు తప్ప రాత్రీ పగలూ నోట్లోనే ఉండాలన్నాడు.

ఇంట్లో దాన్ని అందరూ బిళ్ళ అనేవారు. బిళ్ళ పెట్టుకున్నవా, బిళ్ళ కడిగినవా, బిళ్ళ ఎక్కడ పెట్టినవ్. దాన్ని తీగ అని గాని, తార్ అని గాని ఆ ఇంట్లో ఎవరూ ఒక్కనాడు కూడా అనలేదు.

రాత్రి నిద్రలో పిల్ల మింగేస్తుందేమోనని నాగవ్వ భయపడి, పడుకునే ముందు బిళ్ళ తీయించేది. దాని కాపుదల గురించి గురులింగప్ప గట్టిగా ఆజ్ఞ ఇచ్చాడు. "పైసలు పోసి తెచ్చిన సామాను. దేవుని గిన్నెలు ఎట్ల తోముతవో గట్లనే తోము. చింతపండు వెట్టి తోమి, రాగి చెంబుల ఉప్పునీళ్ళు పోసి అండ్ల ఎయ్యి. తెల్లారెవరకు తళతళ మెరవాలె."

"బిళ్ళకు చింతపండేందయ్యా?" అంది నాగవ్వ.

"ఇత్తడికి వెడ్తలేవా? ఇది దానికన్న పిరం."

నాగవ్వ అలాగే చేసింది. బిళ్ళ నిజంగానే కొన్నాళ్ళు మెరిసింది. ఇప్పుడు తల్లీకూతుళ్ళు మళ్ళీ డాక్టరుకు చూపించడానికి హైదరాబాద్ పోయి, జగన్‌మోహన్ ఇంట్లో ఉన్నారు.

బజారులో ఫోను ఒక్క రామ్‌కిషన్ దుకాణంలోనే ఉండేది. అతను బెల్లం, ఉప్పు, దీపాల గ్యాసునూనె అమ్మేవాడు, పండ్ల అడతి కూడా చేసేవాడు. గురులింగప్ప జామపండ్లన్నీ అతని ద్వారానే హైదరాబాద్ పోయేవి. ఆ ఉదయం జగన్‌మోహన్ అక్కడికి ట్రంకు కాలు చేశాడు. దవాఖానలో తెలిసిన సంగతి ఏమిటంటే, తారాబాయి పళ్ళ తీగకు తుప్పు పట్టింది, తొందరగా తీసి మార్చకపోతే పళ్ళు పాడవుతాయి, తండ్రి ఒకసారి రావాలి. దీన్ని జగన్‌మోహన్ తన అలవాటు ప్రకారం కుదించాడు.

"పండ్ల తార్‌కు జంగు. జల్దీ తియ్యాలె. లేకుంటె ఖరాబు. బావకు చెప్పు."

అంతే, ఫోను పెట్టేశాడు.

ఆ దిక్కున పండ్లు నోట్లోనూ ఉంటాయి, చెట్టుమీదా ఉంటాయి. తార్ అంటే తీగ, తార్ అంటే టెలిగ్రాము కూడా. జంగు అంటే తుప్పు, జంగు అంటే యుద్ధం కూడా; అది ఇనుముకూ పడుతుంది, దేశాలకూ పడుతుంది. పైగా ఆ రోజు ఫోనులో గాలివాన లాంటి చప్పుడు. ఇంత దూరం నడిచి వచ్చిన మాటలు రామ్‌కిషన్ చెవిలో తలో దిక్కున కూర్చున్నాయి.

బస్సు కోసం బయలుదేరిన గురులింగప్పను అతను దుకాణం మెట్ల మీది నుంచే పిలిచాడు. "అప్పా, జర ఇట్ల రా. హైదరాబాద్‌కెళ్ళి ఫోనొచ్చింది. మీ జగన్‌మోహన్."

"ఏమన్నడు?"

"తార్ వచ్చిందట. జంగట."

"ఎవలతోని?"

"అది చెప్పలే. మీ బావమర్ది ఏనాడన్న పూర మాట చెప్పిండా?"

"ఇంకేమన్నడు?"

"పండ్లు జల్దీ తియ్యాలెనట. లేకుంటె ఖరాబట. అంతనే."

"నా పెండ్లాం, పిల్ల?"

"వాళ్ళ పేరే ఎత్తలే."

గురులింగప్ప మెట్టు మీద కూర్చున్నాడు. జగన్‌మోహన్ కరెంటు ఆఫీసు నౌకరు. యుద్ధం వస్తే ముందుగా దీపాలు ఆర్పించేది ఆ ఆఫీసే. సర్కారు టెలిగ్రాములు వాళ్ళకే ముందు వస్తాయి. కాబట్టి వార్త అబద్ధం కావడానికి వీల్లేదు.

"చైనోడే మళ్ళొచ్చి ఉంటడు," అన్నాడు రామ్‌కిషన్. "పోయినేడు గూడ చలిదినాల్లనే వచ్చిండు." ఈ మాట అంటూనే అతను ఉప్పు బస్తాలను లోపలి గదిలోకి జరిపించడం మొదలుపెట్టాడు. ఉప్పు కొనడానికి వచ్చిన ఒక ముసలమ్మ అది చూసింది. కారణం అడిగింది. రామ్‌కిషన్ ఆకాశం వైపు చూశాడు. ముసలమ్మ కూడా చూసి, సేరుకు బదులు కుంచెడు ఉప్పు కొనుక్కుపోయింది.

గురులింగప్ప బస్సు దగ్గరికి చేరేసరికి అక్కడి ఇంకో గ్యాసునూనె దుకాణం ముందు డబ్బాలతో మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి అతనికి మిగిలిన అనుమానం కూడా పోయింది. ఇంతమందికి తెలిసిందంటే ఇంతమందికీ తార్లు వచ్చి ఉండాలి.

బస్సులో పక్కన కూర్చున్నతను కళ్ళజోడు పెట్టుకున్న మనిషి, ఒళ్ళో రేకుపెట్టె. "జంగట గద పెద్దమనిషీ. ఎక్కడ్నట?" అని అడిగాడు.

గురులింగప్ప నాలుగో తరగతితో చదువు ఆపినవాడు. కళ్ళజోడు వాళ్ళు తనను ఏదైనా అడగడం అతనికి అరుదు. తెలియదని చెప్పబుద్ధి కాలేదు. "అది గుప్తంగ ఉంచిన్రు," అన్నాడు.

"మనదాంక ఎట్లొస్తది?"

"ఎందుకు రాదు? బీదర్‌ల ఇమానాల మైదానం లేదా? దానికి సామాను రావాల్నంటె రైల్ల రావాలె. డేరాలు ఎయ్యనీకి జాగ కావాలె. కోహీర్ టేషన్ పక్కల భూములున్నయి. మిలిట్రోళ్ళు అడుగుతరా? తీస్కుంటరు."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అతనికే తెలియదు. వచ్చాక చాలా సబబుగా తోచింది. కళ్ళజోడు మనిషి రేకుపెట్టెను గట్టిగా పట్టుకుని, కోహీర్‌లో దిగగానే హోటల్లోకి పోయాడు. గురులింగప్ప తోటకు పోయాడు.

తోట స్టేషన్ పక్కనే ఉంది. గురులింగప్ప తండ్రి ఆ మొక్కలు నాటిన ఏడు వానలు పడలేదు. కడవలతో నీళ్ళు మోయడానికి మనిషి కావలసి వచ్చి, కొడుకును బడి మాన్పించాడు. మొక్కలు బతికాయి. అందుకే ఎవరైనా అతని చదువు గురించి అడిగితే, కోహీర్ పోయి చూసి రమ్మనేవాడు. అతనికి లోకంలో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ చెట్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ చెట్ల మీది రాబడితోనే తారాబాయికి బిళ్ళ వచ్చింది.

తోటకు కాపలా ఉండే బీరమ్మ గంప తెచ్చి ముందు పెట్టింది. "డాక్టరుకని చెప్పి పంపినవు గద పటేలా. మంచియి ఏరి పెట్టిన."

"గంపలన్నీ తీస్కరా. మనుషులను పిలువు. పండు, దోర, కాయ, ఏదీ ఇడువద్దు. అన్నీ తెంపుర్రి."

"పిందెలు గూడనా?"

"పిందెలు గూడ."

"పిందెలు ఎవలు తింటరు పటేలా?"

"జంగుల అన్నీ తింటరు."

బీరమ్మ మనుషుల కోసం ఊళ్ళోకి పోయి, నలుగురిని వెంటబెట్టుకుని గాబరాగా తిరిగి వచ్చింది. "పటేలా, తెల్వదా నీకు? టేషన్ పక్కల భూములు మిలిట్రీ తీస్కుంటదట. అడగకుంటనే తీస్కుంటదట. హోటల్ల అందరు అదే ముచ్చట."

గురులింగప్ప ఆమెకు ఎదురు పోయాడు. "ఎవలు చెప్పిన్రు?"

"జహీరాబాద్‌కెళ్ళి బస్సుల వచ్చిన పెద్దమనిషి చెప్పిండట. తలకు రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి. అంత ఎరుక ఉన్నోనిలెక్క మాట్లాడిండట."

గురులింగప్ప తన తలరుమాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. తను ఊహించిందే ఇంకొక పెద్దమనిషి కూడా చెప్పాడంటే, ఇక అది ఊహ కాదు.

పక్క పొలం నర్సప్ప బావి దగ్గర మోట తోలుతున్నాడు. ఆ బావిలో ఇద్దరికీ చెరి సగం. నర్సప్పకు ఆ తోట మీద ఏనాటి నుంచో కన్నుంది. గురులింగప్ప పోయి గట్టు మీద నిలబడ్డాడు.

"నర్సప్పా, తోట తీస్కుంటవా?"

నర్సప్ప ఎద్దులను ఆపాడు. "ఏమైంది అన్నా? పానం మంచిగ లేదా?"

"జంగొస్తున్నది. నీకు తెల్వదా?"

"హోటల్ల విన్న."

"మిలిట్రీ తీస్కుంటే పైస రాదు. నీకు చెప్పకుంట అమ్మితె పాపం. చెప్పే అమ్ముతున్న."

నర్సప్ప చెట్ల వైపు చూశాడు. "మిలిట్రోళ్ళు వచ్చిన్రే అనుకో. సిపాయి జామకాయ తినడా?"

"నువ్వు తీస్కుంటవా, తీస్కోవా?"

"తీస్కుంట. గని పోయే భూమి అంటున్నవ్. పోయే భూమికి ఉండే భూమి ధర ఎట్లిస్త?"

ఆ న్యాయం ప్రకారమే మామూలు ధరలో పావు వంతుకు బేరం తెగింది. ఊరి పెద్దలిద్దరు వచ్చి తెల్ల కాగితం రాయించి సాక్షి సంతకాలు పెట్టారు. అటువైపు చెట్ల మీది పిందెలు గంపల్లో రాలుతున్నాయి. గురులింగప్ప సంతకం చేశాడు. తను నేర్చిన నాలుగు తరగతుల చదువు ఆ సంతకానికి సరిపోయింది.

భూమి సంగతి తేలింది. ఇక భార్యాబిడ్డలను యుద్ధం నుంచి తప్పించాలి. అతను అందిన బస్సు పట్టుకుని హైదరాబాద్ పోయాడు. బాగా పొద్దుపోయాక దిగితే వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి. జనం సినిమా హాలు ముందు తోసుకుంటున్నారు. పట్నం వాళ్ళ మొండి ధైర్యానికి అతను జాలిపడ్డాడు. జగన్‌మోహన్ తలుపు తీశాడు.

"వచ్చినవా బావా. పొద్దుగాల పోదం."

"జంగు సంగతేంది?"

"డాక్టర్ చూస్కుంటడు," అని జగన్‌మోహన్ అన్నానికి కూర్చున్నాడు.

డాక్టరు యుద్ధాన్ని ఎట్లా చూసుకుంటాడో గురులింగప్పకు అర్థం కాలేదు. తల్లీకూతుళ్ళు అప్పటికే నిద్రపోతున్నారు. లేపి భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాడు.

పొద్దున దవాఖానలో తారాబాయి ఎత్తు కుర్చీలో నోరు తెరిచి కూర్చుంది. డాక్టరు బిళ్ళను వెలుతురుకు ఎత్తి పట్టి గురులింగప్పకు చూపించాడు. "చూడండి పెద్దాయనా. తీగ అతుకు దగ్గర ఎర్రగా ఉంది కదా. ఇదే జంగు."

గురులింగప్ప చూశాడు. కందిగింజలో సగం కూడా లేదు.

"గిదేనా జంగు?"

"ఇదే. ఇంకేం జంగు?"

డాక్టరు నాగవ్వ వైపు తిరిగాడు. "ఇది తొందరగా జంగు పట్టే ఉక్కు కాదమ్మా. దీన్ని దేంతో తోముతున్నారు?"

"చింతపండు, ఉప్పు వెట్టి సారూ. తోమి, రాగి చెంబుల ఉప్పునీళ్ళల్ల ఏస్తున్న."

"ఎవరు చెప్పారు మీకు?"

నాగవ్వ భర్తను చూపుతో చూపించింది.

"ఉప్పు, పులుపు, రాగి," అన్నాడు డాక్టరు, ముగ్గురు దొంగల పేర్లు చదివినట్టు. "ఉప్పునీళ్ళలో రాగికి ఆనించి పెడితే ఉక్కును అది తినేస్తుంది. అందులోనూ అతుకు దగ్గర ముందు తింటుంది. గీకి తోమితే తీగ మీది నునుపు పోయి ఇంకా తొందరగా పడుతుంది. కొత్త తీగ వేస్తాను. తిన్నాక మంచినీళ్ళతో పుక్కిలించాలి. బిళ్ళను మెత్తటి బ్రష్షుతో మంచినీళ్ళలో కడగాలి. తీసిపెట్టవలసి వస్తే గాజు గ్లాసులో పెట్టండి. అసలు రాత్రిపూట తీయనేవద్దు, పిల్ల మింగదు."

"మంచినీళ్ళు," అన్నాడు గురులింగప్ప.

"మంచినీళ్ళే."

"ఇంకేం వద్దా?"

"ఇంకేం వద్దు. అదే కదా చెబుతున్నాను."

తారాబాయి కుర్చీలోంచి మెల్లగా అంది. "నాయినా, నాకు రోజు పొద్దుగాల నోరంత పుల్లగుంటుండె. దేవుని గిన్నె నాకినట్టు."

గురులింగప్ప బయటికి వచ్చి జగన్‌మోహన్ ముందు నిలబడ్డాడు. "పండ్ల తార్‌కు జంగని చెప్తవా? జర మంచిగ చెప్పొస్తలేదా నీకు?"

"మరేమనాలె బావా?"

గురులింగప్ప ఆలోచించాడు. తార్‌కు బదులు బిళ్ళ అనొచ్చు, కాని జంగుకు అతనికీ వేరే మాట దొరకలేదు. దాంతో కోపం రెండింతలైంది.

దొరికిన బస్సుకు తిరిగి కోహీర్ చేరాడు. నర్సప్ప బోసిపోయిన చెట్ల మొదళ్ళకు ఎరువు పోయిస్తున్నాడు.

"నర్సప్పా, జంగు లేదు."

"మంచిదే గద అన్నా."

"నీ పైసలు నీకిస్త. నా తోట నాకియ్యి."

"ఎందుకు?"

"జంగు లేదు గనుక."

నర్సప్ప చేతులు కడుక్కుని, ఆ ఇద్దరు పెద్దలను పిలిపించాడు. పెద్దలు గట్టు మీద కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన అడిగాడు. "జంగు లేదని నీకెవలు చెప్పిన్రు?"

"డాక్టరు."

"ఏం డాక్టరు?"

"పండ్ల డాక్టరు."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "చెట్లకు మందు కొట్టెటోడా? వానికి జంగు ముచ్చట ఏమెరుక?"

"ఆయన కాదయ్యా. నోట్లె పండ్ల డాక్టరు. ఫోన్ల చెప్పింది గా జంగు కాదు. నా బిడ్డ నోట్లె తార్‌కు పట్టిన జంగు."

"బిడ్డ నోట్లె తార్ ఎందుకున్నది?"

"నేనే కట్టిచ్చిన."

"నోట్లె?"

"పండ్లకు. ఎనుకకు పోవాల్నని."

మిలిట్రీ వచ్చి కోహీర్ స్టేషన్ పక్కన దిగుతుందంటే నమ్మిన ఆ పెద్దలకు, కన్నతండ్రి ఆడపిల్ల నోటికి ఇనుప తీగ కట్టించాడంటే నమ్మశక్యం కాలేదు. రెండో పెద్దమనిషి గురులింగప్ప భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అన్నాడు. "భూమి పోయిందని మనసు చెదిరింది తమ్మీ. ఇంటికి పోయి జరసేపు పండుకో. గిసొంటి మాటలు బయట అనకు. పిల్లను ఇయ్యాల రేపు ఎవలన్న చూడొస్తరు."

"నర్సప్పా, నువ్వన్న చెప్పు," అన్నాడు గురులింగప్ప.

"ఏం చెప్పాలె అన్నా? జంగొస్తదని నమ్మి నువ్వు అమ్మినవు. వచ్చినా రాకున్నా చెట్టు చెట్టేనని నమ్మి నేను కొన్న. ఎవని నమ్మకం వానిది. ఎప్పుడన్న ఇటు దిక్కొస్తె పిల్లకు పండ్లు తీస్కపో. పైసలొద్దు."

ఈ చివరి మాటను గురులింగప్ప ఏనాడూ క్షమించలేదు.

తారాబాయికి కొత్త తీగ వేశారు. నాగవ్వ మంచినీళ్ళతో తప్ప దేనితోనూ కడగలేదు. పిల్ల పళ్ళు ఒక్కొక్కటే వెనక్కి జరిగి, పెదవి మూతపడింది. ఒకనాడు రామ్‌కిషన్ దుకాణం ముందు ఆ పిల్ల దేనికో పకపకా నవ్వితే, బజారు జనం తిరిగి చూశారు. గురులింగప్ప కూడా చూశాడు. ముత్యాల్లా ఉన్నాయని పక్కనున్న మనిషి అంటే, ఔనన్నాడు. ఎంతయిందని ఆ మనిషే అడిగితే, దాచకుండా లెక్క చెప్పాడు.

కోహీర్ స్టేషన్ పక్కన మూడెకరాల పదకొండు గుంటలు, బావిలో సగం వాటా.